పరుగా, స్కీయింగా, స్క్రాంబ్లింగా: బెజవాడ నుంచి మంచుకొండలకు వెళ్లేవారికి

మా మేనకోడలు గుంటూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. మా పక్కింటి అన్నయ్యకు గవర్నర్‌పేటలో షాపు ఉంది, వయసు నలభై ఏడు. సంక్రాంతి వెళ్లి వారం తిరక్కుండానే ఇద్దరూ వేర్వేరుగా నన్ను ఒకటే అడిగారు. హిమాలయాల్లో మామూలు ట్రెక్ ఒకటి చేసేశాం, ఈసారి ఇంకొంచెం గట్టిది కావాలి, ఏది చేయమంటావు అని. "మామయ్యా, స్కీయింగ్ వీడియోలు చూస్తే అదే చేయాలనిపిస్తోంది, ట్రైల్ రన్నింగ్ చూస్తే ఇదీ చేయాలనిపిస్తోంది" అంది అమ్మాయి. అన్నయ్య ఫోన్ నా ముందు పెట్టి, "ఇలా రాళ్లు పట్టుకుని పాకడం మనవల్ల అవుతుందంటావా?" అన్నాడు.

ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేదు. అడిగింది ఒకటే అయినా వాళ్ల మోకాళ్లు ఒకటి కావు, సెలవులు ఒకటి కావు, భయాలు అసలే ఒకటి కావు. కానీ ఇద్దరినీ నేను ముందు అడిగింది మాత్రం ఒకే ప్రశ్న: "మంగళగిరి మెట్లు ఎక్కి వచ్చిన మర్నాడు మీకు ఎక్కడ నొప్పి పుడుతుంది?"

పానకాల స్వామి దగ్గరికి మెట్ల దారిన వెళ్లొచ్చినవాళ్లకి ఇది తెలిసిందే. ఎక్కేటప్పుడు రొప్పుతాం, చెమటలు కారతాయి, పైకి చేరి పానకం తాగేసరికి అంతా మర్చిపోతాం. దిగేటప్పుడు హాయిగా కబుర్లు చెప్పుకుంటూ దిగుతాం. మర్నాడు పొద్దున మేడ మెట్లు దిగుతుంటే తొడలు పట్టేసి గోడ పట్టుకోవాల్సి వస్తుంది. ఆ నొప్పి ఎక్కినందుకు కాదు, దిగినందుకు. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే, ఇంకోపక్క ఒంటి బరువును ఆపుతుంటుంది. కండరం మీద ఎక్కువ దెబ్బ పడేది అలాంటప్పుడే.

ఈ మూడు క్రీడల్లో దేన్ని ఎంచుకోవాలన్నా నేను దిగడం దగ్గరే మొదలుపెడతాను. ఎంత ఎత్తు ఎక్కగలం అని అందరూ లెక్కలు వేసుకుంటారు. ట్రైల్ రన్నింగ్‌లో, అంటే కొండల్లో కాలిబాట మీద పరుగులో, దిగుడు తొడలను పిండేస్తుంది. స్కీయింగ్ అంటేనే కాళ్లకు పొడుగు పలకలు తగిలించుకుని మంచు మీద జారుతూ దిగడం. స్క్రాంబ్లింగ్‌లో ఎక్కిన రాయిని దిగలేక ఇరుక్కుపోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. మీకు ఏ రకం దిగడం నేర్చుకునే అవకాశం ఉందో అదే మీకు తగిన ఆట.

స్క్రాంబ్లింగ్ అన్న మాట మన దగ్గర కొత్త, అందుకని ఒక్క ముక్క చెప్తాను. నడకకీ రాక్ క్లైంబింగ్‌కీ మధ్యలో ఉండేది అది. మామూలుగా తాడు ఉండదు, కానీ చేతులు వాడకుండా ముందుకు పోలేం. బ్రిటన్‌లో దాన్ని 1, 2, 3 అని గ్రేడ్లుగా విడగొడతారు, 3 దగ్గరికి వచ్చేసరికి చాలామంది తాడు దగ్గర పెట్టుకుంటారు. మన ట్రెక్ సంస్థల కాగితాల్లో "బౌల్డర్ సెక్షన్" అనో, "రాక్ ప్యాచ్" అనో కనిపిస్తే అది ఇదే అనుకోండి.

ముందు గాలి సంగతి

మనది కృష్ణ ఒడ్డున, సముద్రమట్టానికి పాతిక మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. లడఖ్‌లోని లేహ్ 3,500 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ ఇక్కడ అందేదాంట్లో మూడింట రెండొంతులే. 5,500 మీటర్ల దగ్గర సగానికి పడిపోతుంది. ప్రకాశం బ్యారేజీ మీద రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే మనిషి కూడా లేహ్‌లో మొదటి రోజు హోటల్ రెండో అంతస్తుకి ఎక్కి మంచం మీద కూలబడతాడు. ఫిట్‌నెస్ ఉన్నవాళ్లకి ఎత్తు జబ్బు రాదనుకోవడం తప్పు. పైగా ఫిట్‌గా ఉన్నవాళ్లు తొందరపడి ఎక్కువ తిరిగి ఎక్కువ ఇబ్బంది పడతారు.

అందరూ ఒప్పుకున్న పద్ధతి ఇది: 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలైతే పైకి కదలకూడదు. తూలుతూ నడుస్తున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, అప్పటికప్పుడు కిందికి దించాలి, తెల్లవారేదాకా చూద్దాం అనకూడదు. డయామాక్స్ అనే మాత్ర ముందు జాగ్రత్తకు పనికొస్తుంది కానీ, సల్ఫా మందులు పడనివాళ్లకు ఇబ్బంది కావచ్చు. డాక్టర్‌ని అడక్కుండా షాపులో కొని వేసుకోకండి.

గాలి విషయంలో స్కీయింగే మనకు సులువు. ఉత్తరాఖండ్‌లోని ఔలిలో వాలు సుమారు 2,500 నుంచి 3,000 మీటర్ల మధ్య ఉంటుంది. కశ్మీర్‌లోని గుల్మార్గ్ ఊరు 2,650 మీటర్ల దగ్గర. పల్లం నుంచి వచ్చినవాళ్లు రెండు రోజుల్లో కుదురుకోగల ఎత్తులివి. ట్రైల్ రన్నింగ్‌లోనూ స్క్రాంబ్లింగ్‌లోనూ ఎత్తు ఇంకా ఎక్కువ, పైగా ఒంటిమీద పడే శ్రమా ఎక్కువే.

ట్రైల్ రన్నింగ్: ఇక్కడే సగం నేర్చుకోవచ్చు

మూడింటిలోకీ బెజవాడ, గుంటూరు వాళ్లకు ఇంటిదగ్గరే సాధన చేసుకునే వీలున్నది ఇదొక్కటే. కొండపల్లి కోట దారి ఉంది, గుంటూరు వైపు వాళ్లకు కొండవీడు ఘాట్ రోడ్డు ఉంది, మంగళగిరి మెట్లు ఉన్నాయి. కొండపల్లిలో రాళ్లు పరిచిన పాత దారిలో కాలు ఎక్కడ వేయాలో చూసుకుంటూ పరిగెత్తడం అలవాటైతే హిమాలయాల్లో కాలిబాట కొత్తగా అనిపించదు. ఒక్కటి గుర్తుంచుకోండి, బొమ్మలకు వాడే పొణికి చెట్లున్న ఆ కొండలు రిజర్వ్ ఫారెస్టు. కోట దారి దాటి లోపలికి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఒంటరిగా అసలు పోవద్దు, పాములున్న చోటు.

వారానికో, పది రోజులకో ఒకసారి దిగుడు పరుగు చేయండి, ఎక్కువ వద్దు. మొదటిసారి దిగినప్పుడు పట్టేసినంతగా రెండోసారి తొడలు పట్టేయవు. ఒకసారి దెబ్బ తిని కోలుకున్న కండరం ఆ తరువాత కొన్ని వారాలపాటు అదే దెబ్బను బాగా తట్టుకుంటుంది. దిగేటప్పుడు పెద్ద అంగలు వేస్తే మడమ ముందుకు పడి బ్రేకు వేసినట్టు అవుతుంది, ఆ బరువంతా మోకాలు మోస్తుంది. చిన్న అడుగులు, వేగంగా, మోకాలు కాస్త వంచి. చూపు కాలి దగ్గర కాకుండా మూడు నాలుగు మీటర్ల ముందు ఉండాలి.

సమస్య ఎండలతోనే. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. మే నెలలో కొండపల్లి రాళ్లు పొద్దున ఎనిమిదికే కాలుతుంటాయి. నాలుగున్నరకి మొదలుపెట్టి ఆరున్నరకల్లా కిందికి వచ్చేయాలి, లేకపోతే ఆ నెలంతా బ్యారేజీ మీద పరుగుతో సరిపెట్టుకోవాలి.

పోటీ ఎంచుకునేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ట్రైల్ అనగానే లడఖ్ పేరే నోటికి వస్తుంది, అందులోనూ ఖర్దుంగ్ లా ఛాలెంజ్. లడఖ్ మారథాన్‌తో కలిపి సెప్టెంబర్‌లో జరిగే 72 కిలోమీటర్ల పరుగు అది. ఖర్దుంగ్ గ్రామంలో మొదలై, కనుమ దాటి, లేహ్‌లో ముగుస్తుంది. కనుమ దగ్గర బోర్డు మీద 18,380 అడుగులని ఉంటుంది కానీ, జీపీఎస్ కొలతల ప్రకారం అసలు ఎత్తు 5,359 మీటర్లు, అంటే పదిహేడున్నర వేల అడుగుల పైచిలుకు. అంత ఎత్తులో పరుగు మామూలు మాట కాదు. కానీ అది చాలామటుకు రోడ్డు మీద పరుగు, కాలిబాట మీద కాదు. కనుమ దాటాక లేహ్ వరకు దాదాపు 40 కిలోమీటర్లు దిగుడే. ఎక్కుడు కోసం ఏడాది సాధన చేసి, ఆ దిగుడులో తొడలు బండబారి నడుచుకుంటూ వచ్చినవాళ్లు ఉంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లు లేహ్‌లోనే జరిగే హాఫ్ మారథాన్‌లో దిగండి. దానికి కూడా వారం ముందే అక్కడికి చేరుకోండి. ఖర్దుంగ్ లా వాళ్లయితే అంతకంటే ముందే. సెప్టెంబర్ కాబట్టి వినాయక చవితికి ఇంట్లో ఉండలేకపోవచ్చు, ఆ మాట ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది.

అసలు కాలిబాట పరుగు రుచి కావాలంటే ముందు చిక్కమగళూరు వైపు కాఫీ తోటల్లో జరిగే మల్నాడ్ అల్ట్రా లాంటిది చూడండి (అల్ట్రా అంటే మారథాన్ కంటే పొడుగు పరుగు). ఎత్తు తక్కువ, అడవి బాట, మనకు రైల్లో పోగలిగే దూరం. అది అయ్యాక మనాలి దగ్గర సోలాంగ్ లోయలో జరిగే స్కై అల్ట్రా గురించి ఆలోచించండి.

చలి గురించి మనవాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటుంది. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో వంద కిలోమీటర్ల కొండ పరుగు జరుగుతుండగా ఉన్నట్టుండి గాలి, వడగళ్లు, చలి విరుచుకుపడ్డాయి. 21 మంది చనిపోయారు. వాళ్లలో ఆ దేశంలోనే పేరున్న పరుగువీరులు ఉన్నారు. చాలామంది నిక్కరు, పల్చటి బనియనుతో ఉన్నారు, గాలి ఆపే జాకెట్ తప్పనిసరి వస్తువుల్లో లేదు. పరిగెత్తుతున్నంతసేపు ఒంట్లో వేడి పుడుతుంది. ఆగిన మరుక్షణం తడి బట్టలు ఆ వేడిని లాగేస్తాయి. చెమటకి అలవాటైన మనకి ఈ సంగతి ఒంటికి ఎక్కదు, ఫ్యాన్ కింద కూర్చుంటే చెమట ఆరడం సుఖమని మాత్రమే తెలుసు. అందుకే నిర్వాహకులు అడిగినా అడగకపోయినా వాన, గాలి ఆపే జాకెట్, గ్లౌజులు, టోపీ, ఈల, పల్చటి రేకు దుప్పటి సంచిలో ఉండాల్సిందే. అన్నీ కలిపి కిలో బరువు కూడా ఉండవు.

స్కీయింగ్: ఇక్కడ ఏమీ నేర్చుకోలేం, అయినా మొదటిసారికి ఇదే నయం

ఇది వింతగా అనిపించొచ్చు. మంచు ముఖం చూడనివాళ్లం మంచు మీద జారడం మొదటిసారికి నయమెలా అవుతుంది? కారణం ఒకటే, ఇక్కడ దిగడం నేర్పడానికి గురువు ఉంటాడు, నేర్చుకోవడానికి వాలు ఉంటుంది, పడితే మెత్తగా ఉంటుంది. తక్కిన రెండింటిలో ఎక్కువమంది దిగడాన్ని ఎవరూ నేర్పకుండానే కొండ మీదికి పోతున్నారు.

గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. ఔలిలో ఉత్తరాఖండ్ ప్రభుత్వానికి చెందిన గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారం రోజుల, రెండు వారాల కోర్సులు నడుపుతుంది. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయీ పేరు మీద ఉన్న సంస్థలోనూ స్కీ కోర్సులు ఉన్నాయి. వీటి ఫీజుల్లో సాధారణంగా బస, భోజనం, స్కీలు, బూట్లు, శిక్షణ కలిసే ఉంటాయి కాబట్టి ఖర్చు ముందే తెలుస్తుంది. సీట్లు నెలల ముందే అయిపోతాయి.

మొదటి రోజు ఎలా ఉంటుందో, ఔలిలో నా అనుభవాన్ని బట్టి చెప్తాను. స్కీ బూటు సిమెంటు పోసినట్టు ఉంటుంది, చీలమండ కదలదు. బూటు ముందు కొన బైండింగ్‌లో, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులో పెట్టి, మడమతో గట్టిగా తొక్కాలి. "టక్" మని వినపడితే పట్టుకున్నట్టు. వినపడకపోతే బూటు అడుగున మంచు గడ్డకట్టి ఉంటుంది, చేతికర్రతో గీకేసి మళ్లీ తొక్కాలి. నేను నాలుగుసార్లు గీకాను. తర్వాత స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి, వేగాన్ని ఆపుకోవడం నేర్పుతారు. ఇన్‌స్ట్రక్టర్లు దాన్ని పిజ్జా ముక్క అంటారు. వినడానికి సులువే. వాలు మొదలవగానే భయంతో ఒళ్లు వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలిన క్షణంలో స్కీల ముందు భాగం మీద బరువు పోయి, అవి మన మాట వినడం మానేస్తాయి. "ముందుకి, ముందుకి, ముడుకులు వంచాలి, కాలి ముందెముక బూటుకి ఆనాలి" అని ఇన్‌స్ట్రక్టర్ హిందీలో అరుస్తూనే ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం, లోయ వైపు ఒళ్లు వంచడానికి మనసు మొదటిసారి ఒప్పుకున్నప్పుడు, స్కీలు తమంతట తామే మలుపు తిరిగాయి. ఎదురుగా నందాదేవి. ఆ మలుపు కోసం మళ్లీ మళ్లీ వెళ్తున్నాను.

దీనికి ఇంట్లో చేయగల సాధన ఒకటుంది, మన బడుల్లో అందరికీ వేయించినదే: గోడకుర్చీ. రోజూ రెండు మూడుసార్లు, తొడలు వణికేదాకా. రెండు నిమిషాలు ఆగగలిగితే ఔలిలో సాయంత్రం దాకా నిలబడగలరు. స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బ తినేది మోకాలు, అదీ మెలికపడి. పడినప్పుడు స్కీ ఊడిపోయేలా బైండింగ్‌ను మన బరువుకి, అనుభవానికి తగ్గట్టు బిగించాలి. మీ బరువు నిజం చెప్పండి, బిగించేటప్పుడు పక్కన నిలబడి చూడండి. హెల్మెట్ ఇవ్వకపోతే అద్దెకి తీసుకోండి. నల్ల కళ్లద్దాలు లేకుండా ఒక్క గంట కూడా మంచు మీద ఉండకండి.

మంచు ఎప్పుడు పడుతుందో ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. సంక్రాంతి సెలవులతో కలిసొస్తుందని జనవరి మొదట్లో బుక్ చేసుకునేవాళ్లకి నేను వద్దనే చెప్తాను. ఫిబ్రవరి బ్యాచ్ అడగండి. ఔలికి జోషీమఠ్ నుంచి ఉండే రోప్‌వే 2023 జనవరిలో అక్కడి నేల కుంగినప్పుడు ఆగింది, అందుకని రోడ్డు మీదే వెళ్లేటట్టు ప్లాన్ చేసుకోండి. రిషికేశ్ నుంచి జోషీమఠ్ ఒక రోజు ప్రయాణం. గుల్మార్గ్ అయితే శ్రీనగర్ విమానాశ్రయం నుంచి రెండు గంటల లోపే, కానీ ఢిల్లీ మీదుగా విమానం ఖర్చు కలుపుకోవాలి.

గుల్మార్గ్ గొండోలా (కేబుల్ కారు) రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకుపోతుంది. పైనుంచి దృశ్యం చూడండి, దిగడానికి మళ్లీ గొండోలానే ఎక్కండి. అక్కడి వాలు మొదటి సంవత్సరం వాళ్లది కాదు. 2024 ఫిబ్రవరిలో ఆ పక్క కొండవాలులో మంచు చరియలు విరిగిపడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. గుర్తులు పెట్టిన వాలు దాటి బయటికి వెళ్లడం వేరే విద్య, దానికి వేరే శిక్షణ.

స్క్రాంబ్లింగ్: చివర్లో పెట్టుకోండి

నాకు మూడింటిలో ఎక్కువ ఇష్టమైనది ఇదే, అందుకే దీని గురించి కాస్త కటువుగా చెప్తాను.

జోషీమఠ్ దగ్గర పంగార్‌చుల్లా అని శిఖరం ఉంది, దాదాపు 4,590 మీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో మన వేసవి సెలవులకి సరిపోతుంది. ఖుల్లారా క్యాంపు నుంచి అర్ధరాత్రి దాటాక బయలుదేరి, ఒకే రోజులో సుమారు 1,200 మీటర్లు ఎక్కి అంతా దిగాలి. పై భాగమంతా బండరాళ్లు, మధ్యలో మంచు. నేను వెళ్లిన రోజు పైకి పోయేటప్పుడు మంచు గట్టిగా ఉంది, చలికి వేళ్లు కొంకర్లు పోయినా పట్టు బాగా దొరికింది. శిఖరం మీద పావుగంట కూర్చుని, సంతోషంగా దిగడం మొదలుపెట్టాను. పదకొండు గంటల ఎండకి మంచు మెత్తబడింది. రెండు బండల మధ్య మంచు మీద అడుగు వేస్తే తొడ దాకా దిగబడ్డాను. బయటికి రావడానికి పక్కనున్న రాయి పట్టుకుని ఒళ్లు లాక్కోబోయాను. మా గైడ్, ఇరవై రెండేళ్ల గఢ్వాలీ కుర్రాడు, "చేయి తీయండి!" అని కేకేశాడు. ఆ రాయి అప్పటికే కదిలింది. గంప అంత ఉంటుంది. నా భుజం పక్కనుంచి దొర్లుకుంటూ పోయి కింద ఎక్కడో ఆగింది. కింద మనుషులు లేరు. నాకు ముడుకు కింద చర్మం లేచింది, అంతే. మమ్మల్ని తీసుకెళ్లిన సంస్థ హెల్మెట్లు ఇవ్వలేదు, బయలుదేరేముందు నేనూ అడగలేదు.

ఆ తర్వాత ఆ కుర్రాడు దిగినంతసేపూ నాకు చేయించింది ఇదే. ముందు రాయిని చేత్తో తట్టాలి, తర్వాత నెట్టి చూడాలి, ఆ తర్వాతే బరువు వేయాలి. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ రాతిని పట్టుకునే ఉండాలి, కదిలేది ఒక్కటే. నిటారుగా ఉన్నచోట లోయ వైపు తిరిగి కాకుండా, రాయి వైపు ముఖం పెట్టి, నిచ్చెన దిగినట్టు దిగాలి. ఒకళ్ల కింద ఒకళ్లు రాకూడదు. ఇవి చదివి తెలుసుకోవచ్చు. అలసిపోయి, ఆకలేసి, ఇంకా రెండు గంటల దారి ఉన్నప్పుడు గుర్తుండాలంటే మాత్రం వందసార్లు చేసి ఉండాలి.

ఎక్కేటప్పుడు చేతులు, కళ్లు ఒకే వైపు ఉంటాయి. దిగేటప్పుడు కాలు పెట్టాల్సిన చోటు మన పొట్ట కిందే దాక్కుంటుంది. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను: కొత్త రాయి ఏదైనా రెండు అడుగులు ఎక్కి, వెంటనే ఆ రెండు అడుగులు దిగి చూస్తాను. దిగలేకపోతే ఎక్కను, శిఖరం పది అడుగుల్లో ఉన్నా సరే.

ఇక్కడ సాధన సగమే దొరుకుతుంది. మొగల్రాజపురం, ఇంద్రకీలాద్రి వైపు రాళ్ల మీద ప్రయోగాలు వద్దు. 2024 ఆగస్టు 31న కుండపోత వానకు మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషులు పోయిన సంగతి మనం మర్చిపోలేదు. ఆ రాయి వదులు రాయి, పైగా కిందే ఇళ్లున్నాయి. కాజీపేట మీదుగా సికింద్రాబాద్ వెళ్లే దారిలో భువనగిరి ఉంది, ఏకశిల కొండ, అక్కడ రాక్ క్లైంబింగ్ నేర్పుతారు. 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాతి మీద మొదటి పాఠాలు నేర్చుకున్నది అక్కడే. ఆ తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుంది. రెండు మూడు వారాంతాలు భువనగిరిలో, తాడు కట్టుకుని, దిగడం నేర్పమని అడిగి మరీ నేర్చుకోండి.

ఇంకా పైకి పోవాలనుకుంటే పర్వతారోహణ సంస్థల బేసిక్ కోర్సు ఉంది. డార్జిలింగ్ సంస్థ 1954 నుంచి, ఉత్తరకాశీ సంస్థ 1965 నుంచి నేర్పుతున్నాయి. కోర్సు దాదాపు నాలుగు వారాలు, వయసు పరిమితి ఉంటుంది, మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు. ఉద్యోగస్తులకు నాలుగు వారాల సెలవు కష్టమే. అయినా ఈ దారిలో దానికి బదులు ఇంకొకటి లేదు. మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల్లోనూ అన్నిటికంటే ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అంత నేర్పు, అంత అనుభవం ఉన్న మనిషిని 2015లో ఆండీస్ పర్వతాలు వెనక్కి రానివ్వలేదు. ఆయన పేరు తలుచుకున్నప్పుడల్లా నా సంచిలో ఇంకో జత గ్లౌజులు వేసుకుంటాను.

డబ్బు, బీమా, తిండి

ట్రైల్ రన్నింగ్‌కి మొదట ఖర్చు తక్కువ, మంచి గ్రిప్ ఉన్న బూట్లు ఐదారు వేల నుంచి పదిహేను వేల దాకా ఉన్నాయి. కానీ రాళ్ల మీద అవి ఏడాదికి అరిగిపోతాయి. స్కీయింగ్‌కి ఏమీ కొనొద్దు, మొదటి రెండేళ్లు అద్దెవే చాలు, గ్లౌజులు మాత్రం మంచివి సొంతవి ఉండాలి. స్క్రాంబ్లింగ్‌లో ఖర్చంతా మనిషి మీద పెట్టండి. తక్కువ రేటుకి పాతికమందికి ఒక గైడ్ ఉన్న బృందం కంటే, ఎక్కువ ఇచ్చి నలుగురికి ఒక గైడ్ ఉన్నది నయం.

మన ఆరోగ్య బీమాల్లో చాలావాటిలో సాహస క్రీడల్లో తగిలే దెబ్బలకు డబ్బు రాదు. పాలసీ కాగితం తీసి ఆ పేరా చదవండి. కొండ మీదనుంచి హెలికాప్టర్‌లో దించడానికి అయ్యే ఖర్చు ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి.

ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, తినకపోతే చలి తట్టుకోలేం. చిన్న సీసాలో ఆవకాయ, పొట్లంలో కారప్పొడి తీసుకెళ్లండి. అక్కడి పప్పన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగుతుంది.

వాళ్లిద్దరికీ ఏం చెప్పాను

మేనకోడలికి ఇరవై ఏళ్లు, మోకాళ్లు మంచివి, సెలవులు కాలేజీ చెప్పినప్పుడే. సీటు దొరికితే ఫిబ్రవరిలో ఔలి వారం కోర్సు చేయమన్నాను. పరుగు అంటే ఇష్టం కాబట్టి కొండవీడు దారి వదలొద్దని, వచ్చే ఏడాది మల్నాడ్ చూద్దామని చెప్పాను. "మరి లడఖ్?" అంది. రెండేళ్లాగమన్నాను. కాస్త అలిగింది.

అన్నయ్యకు పన్నెండేళ్లుగా షాపులో నిలబడి ఎడమ మోకాలు నొప్పి. స్కీయింగ్ వద్దన్నాను, మెలికపడితే ఆ మోకాలు తట్టుకోదు. పరుగులోనూ దిగుడు ఆయనకు మంచిది కాదు. ఆయన అడిగిన స్క్రాంబ్లింగే, నెమ్మదిగా, ఎత్తు తక్కువ చోట, చేతులతో బరువు పంచుకుంటూ చేస్తే ఆయనకు సరిపోయే అవకాశం ఉంది. ముందు ఎముకల డాక్టర్ దగ్గర మోకాలు చూపించుకోమన్నాను, తర్వాత భువనగిరి. రాతి మీద ఆయన దిగడం నా కళ్లతో చూసేదాకా హిమాలయాల టికెట్ తీయొద్దని మాట తీసుకున్నాను.

డాక్టర్ సరేనన్నాడు, తొడల బలం పెంచమని చెప్పాడట. పోయిన ఆదివారం పొద్దున ఐదింటికి మంగళగిరి మెట్ల దగ్గర కలిశాం. ఎక్కేటప్పుడు జీఎస్టీ గురించి, అల్లుడి గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. దిగేటప్పుడు నేను మాట్లాడనివ్వలేదు. ఒక్కో మెట్టు మీద కాలు చప్పుడు కాకుండా పెట్టమన్నాను, చప్పుడైతే బరువు జారవిడిచినట్టే. సగం మెట్లు దాటేసరికి ఎడమ కాలు చప్పుడు చేయడం మొదలుపెట్టింది. అక్కడే ఆగి కూర్చున్నాం. వచ్చే ఆదివారం ఆ మెట్టు దాటి ఇంకో పది మెట్లు.